బూచి: నలుగురిలో ఏడ్చు బిడ్డ కథలో ఒక మాట

ఇంటిలో ఏడ్చిన బిడ్డకును, నలుగురిలో ఏడ్చిన బిడ్డకును తల్లి చేయు ఉపచారము ఒక్కటి కాదు. ఇంటిలో నైనచో ఆమెకు వ్యవధి కలదు. పాలిచ్చును, భుజముపై వేసికొని తట్టును, తొట్టెలో పరుండబెట్టి జోల పాడును. సంతలో, గుడిలో, హరికథాసభలో, రైలుపెట్టెలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చినపుడు ఆమెకు ఆ వ్యవధి లేదు. చుట్టు నున్నవారి చూపులు బిడ్డ పైనను, అంతకంటె నెక్కువగా తన పైనను ఉన్నవని ఆమె యెరుగును. అట్టి సమయమున పలుకబడు మాటలను మన సాహిత్యచరిత్రకారులు పట్టించుకొనలేదు. జోలపాటలను సేకరించినవారు కలరు. వానిపై వ్యాసములును కలవు. బెదరింపుమాట పాట కాదు గనుక సంకలనముల కెక్కలేదు. ఆ మాటలలో ఆంధ్రదేశమంతట వినబడునదియు, వివాదాస్పదమైనదియు నగు 'బూచి' అను నొక్క పదమును గూర్చి మేమిందు విచారింపదలచితిమి.

ఈ పదమును గూర్చి ఒక వాదము చాలకాలముగా ప్రచారమున నున్నది. పదునెనిమిదవ శతాబ్దిలో ఉత్తర సర్కారుల నేలిన ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే తెలుగు తల్లుల నోట 'బూచి'గా మారినదనియు, అతని క్రౌర్యమును తలచుకొని వణకిన ప్రజలు ఆ పేరు చెప్పి బిడ్డల ఏడ్పు మాన్పించిరనియు ఆ వాదము. చరిత్ర తరగతులలో ఉపాధ్యాయులు దీనిని చమత్కారముగా చెప్పుదురు. విద్యార్థులు దానిని నిశ్చయముగా వ్రాసికొందురు. మేమును ఒకప్పు డట్లే వ్రాసికొన్నవారమే. కావున దీనిని పరీక్షించుటలో మాకు కొంత స్వంతపూచీయు కలదు.

మొదట ఆచారమును, పిదప పదమును చూచుట మంచిది. ఈ రెండును వేరని మరచుటచేతనే చిక్కు పుట్టినదని మా యభిప్రాయము.

నలుగురిలో ఏడ్చిన బిడ్డ కథలలో మన వాఙ్మయమున ప్రసిద్ధమైనది భాగవత దశమస్కంధమందలి శకటభంజన ఘట్టము. బాలకృష్ణుడు బోర్లపడిన దినమున, జన్మనక్షత్రము కూడివచ్చినదని, యశోద ఉత్సవము చేసినది. వ్రేపల్లె లోని ముత్తైదువ లెల్లరు వచ్చిరి. అభిషేకమైన పిదప బిడ్డకు నిద్ర వచ్చుచుండుట చూచి ఆమె వానిని ఒక బండి క్రింద పరుండబెట్టి అతిథిపూజలో నిమగ్నురాలైనది. బిడ్డ మేల్కాంచి పాలకై ఏడ్చినాడు. సందడిలో ఆ ఏడ్పు తల్లికి వినబడలేదు. వాడు కాళ్ళు విదలించెను, బండి తలక్రిందయ్యెను. భక్తులకు ఇది లీల. మాకిందు తోచెడి విశేషము వేరు. అతిథుల నాదరించుటయా, బిడ్డ నెత్తికొనుటయా అను తగవు తల్లికి నలుగురి నడుమనే కలుగును. యశోద అతిథుల వైపు మొగ్గినది. బిడ్డయే తన్నినాడని దగ్గర నాడుకొనుచున్న పిల్లలు చెప్పినను పెద్దలు నమ్మలేదు. ఏదో గ్రహము సోకినదని యశోద శంకించినది. బ్రాహ్మణులచే రక్షావిధానము జరిపించినది. ఏడ్పునకు కారణము ఆకలి. పెద్దలు వెదకినది గ్రహమును.

ఈ గ్రహశంక ఆనాటి వైద్యమునకును సమ్మతమైనదే. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున బాలగ్రహములు తొమ్మిది చెప్పబడినవి. స్కందుడు, శకుని, రేవతి మొదలగువారితో పాటు పూతనయు అందున్నది. భాగవతములో పాలిచ్చి చంపవచ్చిన పూతన వైద్యగ్రంథములో శిశువును పట్టు రోగము. కాశ్యపసంహితలో మాటలు రాని శిశువునకు ఎక్కడ నొప్పి యున్నదో చేష్టలనుబట్టి తెలిసికొనుటకు ఒక ప్రత్యేకాధ్యాయమే కలదు. ఏడ్పును భాషగా చదువ యత్నించిన ఆ వైద్యుని పట్ల మాకు గౌరవము మెండు.

మన విచారణకు అన్నిటికంటె ముఖ్యమైన సాక్ష్యము చరకసంహితలో నున్నది. శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయములో, సూతికాగృహము, శిశుపోషణము, ఆటవస్తువులు చెప్పు సందర్భమున, ఆచార్యుడు ఒక నిషేధము చేసినాడు. బిడ్డను భయపెట్టుట మంచిది కాదు. కావున వాడు ఏడ్చినను, తిననని మారాము చేసినను, చెప్పినట్లు వినకున్నను, రాక్షసుల పేరులో పిశాచముల పేరులో పూతన మొదలగువారి పేరులో చెప్పి వానిని జడిపింపరాదని ఆ నిషేధమునకు భావము. శాస్త్రకారుడు లోకమున లేనిదానిని నిషేధింపడు. ఏడ్చు బిడ్డను భూతము పేరు చెప్పి ఊరుకొనబెట్టుట ఆయన కాలమున వాడుకలో నుండెను గనుకనే వలదన్నాడు. చరకసంహితను పండితులు సాధారణముగా క్రీస్తుశకారంభమునకు సమీపమైన కాలమున ఉంతురు. బుస్సీ మన దేశమున అధికారము చలాయించినది పదునెనిమిదవ శతాబ్ది నడుమ. ఆచారము అతనికంటె పదునాలుగు పదునైదు వందల యేండ్లకు తక్కువ కాని ప్రాచీనత కలది. ఇక మిగిలినది పదము మాత్రమే.

పదవిచారమునకు ముందు బుస్సీ కథను క్లుప్తముగా చెప్పవలెను. 1751లో ముజఫరుజంగు దక్కను సుబేదారుగా పుదుచ్చేరి నుండి హైదరాబాదునకు బయలుదేరినపుడు బుస్సీ ఫ్రెంచి పటాలముతో వెంట వచ్చినాడు. కడప మండలమున జరిగిన కలహములో ముజఫరుజంగు హతుడు కాగా, సలాబతుజంగును గద్దె నెక్కించినాడు. త్రోవలో కర్నూలు కోటను ఫ్రెంచివారు పట్టుకొనిరి. 1753లో తన సైన్యపు జీతములకై కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను వ్రాయించుకొన్నాడు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము. 1758లో లాలీ పిలుపుపై దక్షిణమునకు వెడలిపోయినాడు. 1760 జనవరిలో వందవాసి యుద్ధమున ఆంగ్లేయులకు చిక్కినాడు. మరల 1783లో వచ్చి, 1785లో పుదుచ్చేరిలో మరణించినాడు. సర్కారులపై అతని నేరు పెత్తనము ఐదేండ్ల మాట.

బొబ్బిలిని గూర్చి ఆర్మ్ అను ఆంగ్లచరిత్రకారుడు వ్రాసిన వర్ణనము మా విషయమునకు సంబంధించినది. కోట నిలువదని తేలిన పిదప లోపలివారు తమ స్త్రీలను బిడ్డలను తామే చంపుకొని, ఇండ్లకు నిప్పు పెట్టి, పోరాడి కూలిరి. అంతయు ముగిసిన పిదప ఒక వృద్ధుడు ఒక బాలుని వెంటబెట్టుకొని వచ్చి లా అను ఫ్రెంచి అధికారికి అప్పగించినాడనియు, ఆ బాలుడు రంగారావు కుమారుడనియు ఆర్మ్ వ్రాసెను. బుస్సీ పేరు విని బిడ్డలు జడియవలసిన చోటు ఆంధ్రదేశమున ఏదేని యున్నచో అది బొబ్బిలియే. కావున వాదము పుట్టుక అసహజము కాదు. దానిని పుట్టించినవారిని ఎగతాళి చేయుట మా యుద్దేశము కాదు.

లోకమున ఇట్టివి జరిగినవి కూడను. ఫ్రాన్సు దేశపు జ్వాన్‌విల్ పదునాలుగవ శతాబ్ది మొదట వ్రాసిన గ్రంథములో, మహమ్మదీయ స్త్రీలు ఏడ్చు పిల్లలను ఇంగ్లండు రాజు రిచర్డు పేరు చెప్పి ఊరుకొనబెట్టెడివారని కలదు. నెపోలియను కాలమున ఆంగ్లేయ దాదులు 'బోనీ' వచ్చుననిరి. మనకు మిక్కిలి దగ్గరి యుదాహరణము వంగదేశమున నున్నది. 1741 మొదలు 1751 వరకు నాగపురపు మరాఠాసేనలు వంగదేశముపై ఏటేట విరుచుకుపడినవి. రాజ్యమిచ్చిన గుర్రముపై రాజ్యమిచ్చిన ఆయుధముతో కొలువు చేయు రౌతు 'బార్గీరు'. ఆ మాటయే వంగభాషలో 'బర్గీ' యైనది. నేటికిని వంగతల్లులు పాడు జోలపాటలో బిడ్డ నిద్రించును, వాడ సద్దుమణగును, బర్గీలు దేశమునకు వత్తురు, పంట పోయినది గనుక పన్ను కట్టుట యెట్లన్న చింత వచ్చును. అలీవర్దిఖాను సంధి చేసికొని ఏటేట పన్నెండు లక్షల చౌతు కట్టుట కొప్పుకొన్న చరిత్ర ఆ పాటకు వెనుక నున్నది. ఇది నిస్సందేహముగా చరిత్ర తొట్టెలోనికి వచ్చిన కథ. గంగారాముడు 1751 ప్రాంతమున వ్రాసిన మహారాష్ట్రపురాణము ఆ దోపిడిని వర్ణించుచున్నది గనుక పాటకు లిఖితసాక్ష్యమును దొరకినది.

వంగదేశమున జరిగినది ఆంధ్రమున జరుగరాదా? జరుగవచ్చును. కాని 'జరుగవచ్చును' అనునది ఒక మెట్టు. 'జరిగెను' అనునది వేరొక మెట్టు. మొదటి మెట్టుపై నిలచి రెండవదానిపై నున్నట్లు తలచుట మన పరిశోధనలో తరచు కనబడు దోషము.

పదమునకు వత్తము. బుస్సీని తెలుగువారు ఏమని పిలిచిరో మనకు తెలియును. పెద్దాడ మల్లేశము కథగా ప్రసిద్ధమైన బొబ్బిలికథలో అతడు 'మూసే బూసీ'. 'మొస్యూ' అను ఫ్రెంచి గౌరవవాచకము పేరునకు ముందు అతుకుకొనియే జనుల చెవికెక్కినది. హైదరాబాదులోని మూసారాంబాగు కూడ ఇట్టిదే. నిజాము కొలువున నున్న ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు 'మొస్యూ'తో కలిసి అక్కడ 'మూసారాం' అయినది. గౌరవవాచకము పోయి పేరు మాత్రము మిగులుట అసాధ్యము కాదు. కాని పాటలో అచ్చముగా నిలచిన జంట తల్లుల నోట మాత్రమే విడిపోయినదనుటకు ఏదేని ఆధారము చూపవలెను.

ధ్వనుల విషయమున వాదమునకు కొంత బలము లేకపోలేదు. హ్రస్వము దీర్ఘమైనదను ఆక్షేపణ నిలువదు. పాటలోనే 'బూసీ' యని దీర్ఘము కలదు. సకారము చకారమగుటయు అబ్బురము కాదు. మన వ్యాకరణమున గసడదవాదేశముచే చకారమునకు సకారము వచ్చుచుండుటచేత, ఈ రెండు ధ్వనులను జనులు మార్చి పలుకుట సహజమే. కావున ధ్వనిచేత వాదమును కొట్టివేయు వారితో మేమేకీభవింపము.

దేశవ్యాప్తిచేతను కొట్టివేయలేము. 'బూచి' సర్కారు జిల్లాలలోనే గాక తెలంగాణమునను రాయలసీమలోను వినబడును. బుస్సీకి సర్కారులతోనే సంబంధమైనచో ఇదెట్లని కొందరందురు. ఇంతకు ముందు చెప్పినట్లు అతడు కడప, కర్నూలు మీదుగా వచ్చినవాడు. హైదరాబాదులో ఏండ్లతరబడి యున్నవాడు. తెలుగుదేశమున అతడు త్రొక్కని మండలము వెదకవలసినదే!

నిఘంటువును చూతము. 1852లో అచ్చైన బ్రౌను నిఘంటువున 'బూచి' కలదు. పిల్లలను జడిపించు భూతమని యర్థము. బొబ్బిలి యుద్ధమునకును బ్రౌనునకును నడుమ తొంబదియైదేండ్లు. ఆ వ్యవధిలో ఒక పేరు మాటగా మారి దేశమంతట వ్యాపింపవచ్చును. కావున బ్రౌను సాక్ష్యము ఎటు వైపునకును మొగ్గదు.

మరి మొగ్గునది యేది? మాకు రెండు విషయములు బలవత్తరములుగా తోచినవి.

మొదటిది పొరుగుభాషల సాక్ష్యము. తమిళమున పిల్లలను జడిపించు భూతము 'పూచ్చాండి'. కనురెప్పలు తిరుగవేసి, వికృతముగా మొగము పెట్టి జడిపించుట 'పూచ్చి కాట్టుదల్', అనగా పూచ్చి చూపుట. ఈ మాట నిన్న మొన్నటిది కాదు. పెరియాళ్వారు తన తిరుమొళిలో బాలకృష్ణుడు తోడిపిల్లలను 'అప్పూచ్చి' చూపి జడిపించు ఆటను ఒక దశకమంతట వర్ణించినాడు. ఆయన ఎనిమిది, తొమ్మిది శతాబ్దుల వాడని పండితుల యభిప్రాయము. తమిళలిపిలో పకార బకారములకు అక్షరము ఒక్కటే. తమిళపు 'పూచ్చి'కిని తెలుగు 'బూచి'కిని పుట్టుక ఒక్కటియే యని తీర్మానించుట ద్రావిడభాషాశాస్త్రజ్ఞుల పని. కాని రూపమున ఇంత దగ్గరయై, అర్థమున ఒకటియై, బిడ్డలను జడిపించు సందర్భముననే వాడబడు పదము బుస్సీకి తొమ్మిది వందల యేండ్ల ముందే ఆళ్వారు నోట నుండగా, ఫ్రెంచి సేనాని వఱకు పోవలసిన యవసరమేమి? కన్నడమున పదము వేరు, 'గుమ్మ'. పురందరదాసు (1484–1564) కీర్తనలో బాలకృష్ణుడు గుమ్మను పిలువవలదని తల్లిని బ్రతిమాలుకొనును. దక్షిణదేశపు తల్లులకు బిడ్డ నూరుకొనబెట్టు భూతమునకై ఐరోపా ఓడల రాకకు ఎదురుచూడవలసిన పని లేకపోయినది.

రెండవది లింగవిషయము. ఇది యింతవరకు ఎవరును చెప్పినట్లు మేము చూడలేదు. గ్రాంథికమున 'వచ్చెను' అను క్రియ పురుషునికిని, స్త్రీకిని, పశువునకును సమానమే గనుక కావ్యభాషలో భేదము కనబడదు. వాడుకలో భేదము తప్పక కలుగును. తల్లి 'బూచి వస్తాడు' అనదు. 'బూచి వస్తుంది' అనును. పురుషుడని చెప్పవలసి వచ్చినపుడు 'వాడు' చేర్చి 'బూచివాడు', 'బూచాడు' అనును. అనగా మూలరూపము అమహద్వాచకము. పురుషార్థము పిదప అతికించినది. పురుషుని పేరే మూలమైనచో క్రమము తారుమారు కావలెను. దొర యనినను, సిపాయి యనినను, జమాదారు యనినను మన వాడుకలో 'వస్తాడు' అనియే అందుము. ఒక్క బుస్సీ మాత్రము పేరుతో పాటు పుంస్త్వమును కూడ పోగొట్టుకొనెనని నమ్ముట కష్టము. భయమే మనుష్యుని వస్తువుగా మార్చునని ఎవరేని సమాధానము చెప్పవచ్చును. అది కవిత్వమునకు బాగుండును.

మరియొక చిన్న విషయము. ఏడ్పు మాన్పించుటకే గాక నవ్వించుటకును ఈ మాట వాడుదురు. తల్లి కొంగుతో మొగము కప్పుకొని, తటాలున తీసి 'బూచి' యనగానే బిడ్డ కిలకిల నవ్వును. పెరియాళ్వారు వర్ణించినదియు ఆటయే. బువ్వ, బుజ్జి, బజ్జొ, బొమ్మ మొదలగు ఓష్ఠ్యాదులైన తొట్టెమాటల వరుసలో 'బూచి' చక్కగా ఇముడును. 1964లో ఫెర్గూసన్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు మరాఠీ మొదలగు ఆరు భాషలలో పసిపిల్లలతో పెద్దలు మాటలాడు తీరును పరిశీలించి, ఇట్టి మాటలు భాషలో ఒక ప్రత్యేకవర్గముగా తరతరములు నిలుచుచుండునని చూపినాడు. బర్గీని గాని, బోనీని గాని కొంగుచాటు ఆటకు వాడినట్లు మేము వినలేదు. చరిత్ర నుండి వచ్చిన భూతమునకు నవ్వించు శక్తి తక్కువ.

ఈ విచారణలో నున్నపుడు మాకొక యనుభవము కలిగినది. బొబ్బిలి జంక్షనులో విజయనగరము వైపు పోవు బండికై వేచియుంటిమి. ఎదుటి బల్లపై ఒక కుటుంబము. రెండేండ్ల లోపు బిడ్డ ఎండకో ఆకలికో గుక్కపట్టి ఏడ్చుచున్నది. తల్లి లేచి నిలబడి ఊపినది, బిస్కటు చూపినది, సిగ్గుతో అటునిటు చూచినది. తండ్రి కొంచెము దూరముగా జరిగి బండి వచ్చు దిక్కునకు చూచుచు నిలబడినాడు. (తండ్రులు నలుగురిలో ఇట్లు దిక్కులు చూచు విద్యకును ప్రాచీనత యుండవచ్చును.) అపుడు ముసలమ్మ బిడ్డ గడ్డము పట్టి మా వైపు త్రిప్పి, "అదిగో బూచి, గడ్డం బూచి. ఊరుకోకపోతే ఒచ్చి ఎత్తుకుపోతాది" అన్నది. బిడ్డ మమ్ము చూచి నిజముగనే ఊరకుండెను. నెరసిన గడ్డము ఇన్నేండ్లకు ఒక ప్రయోజనమున కక్కరకు వచ్చినది.

బండి ఆలస్యమగుటచే మాటలు కలిసినవి. "అమ్మా, బూచి యంటే ఎవరు?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "బూచంటే బూచే బాబూ, ఇంకెవులు?" అన్నది. బుస్సీ యను తెల్లదొర పేరు విన్నావా యనగా లేదన్నది. పాపారాయుని పేరెత్తగానే మాత్రము ఆమె ముఖము వికసించినది. బుర్రకథలో విన్న ఘట్టములు వరుసగా చెప్పినది. ఒక్క ముసలమ్మ మాట ప్రమాణము కాదని మాకు తెలియును. అయినను బొబ్బిలి గడ్డపైననే కథ మిగిలి, బుస్సీకిని బూచికిని ముడి మాత్రము జనుల నోట మిగులకుండుట గమనింపదగినది. ఆ ముడి వేసినది తల్లులు కాదు, చదువుకొన్నవారు.

ఆనాడు మాకు తోచిన వేరొక సంగతి వ్యుత్పత్తికంటె ముఖ్యమైనది. ఇంటిలో చెప్పు బూచి చీకటిలో నుండును, అటకపై నుండును, ఎవరికిని కనబడదు. నలుగురిలో బూచికి దేహము కావలెను. అందుకై తల్లి చుట్టు చూచి, అపరిచితు డొకనిని ఎన్నుకొనును. అనగా బహిరంగమున ఏడ్పు మాన్పించు పద్ధతికి ఎల్లప్పుడును ఒక పరాయివాడు కావలెను. ఈ పాత్రను ఆంధ్రదేశమున ఎవరెవరు ధరించిరో పరిశీలించినచో అది ఒక సాంఘికచరిత్రయే యగును. తెల్లవారుజామున డమరుకముతో వచ్చు బుడబుక్కలవాడు, కాటిపాపలవాడు, భుజమున జోలె గల బిచ్చగాడు, పాతసామానులు కొనువాడు, ఎర్రతలపాగా పోలీసు, టీకాలు వేయు సూదివాడు, రైలులో నల్లకోటు టిక్కెట్టు కలెక్టరు. ఈ పట్టికలో ఒక భేదము గమనింపుడు. పోలీసును, వైద్యుని, టిక్కెట్టు కలెక్టరును చూపినందువలన వారికి కలుగు నష్టము లేదు; వారి వెనుక ప్రభుత్వము కలదు. జోలెవాని వెనుక ఎవరును లేరు.

ఈ మాట ఊరక వ్రాయలేదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వర్తించునట్లు విస్తరింపబడి, కొన్ని సంచారజాతులను పుట్టుకచేతనే దొంగలుగా నమోదు చేసినది. చట్టము 1952లో రద్దయినను జనుల శంక రద్దు కాలేదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు సెల్‌ఫోనులలో వ్యాపించి, తెలుగునాట సహితము అపరిచితులపై దాడులు జరిగినవి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపినది. జులై 1న మహారాష్ట్రమున ధూళే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటనచే జీవించు నాథపంథీ డవరీ గోసావీ కులస్థులు ఐదుగురు అట్లే హతులైరి. ఆ గుంపులలోనివా రందరును ఒకప్పుడు ఏడ్పు మానిన బిడ్డలే. తల్లి బెదరింపుమాటకును ఈ హత్యలకును నేరుగా కార్యకారణసంబంధము కలదని మేమనము. అట్లనుట బుస్సీవాదము వంటి తొందరపాటే యగును. కాని జోలెసంచిలో బిడ్డ యుండునను ఊహ పుకారుతో పుట్టినది కాదు. పుకారు వచ్చునాటికి అది సిద్ధముగా నుండెను. బిడ్డను జడిపింపరాదన్న చరకుని నిషేధము బిడ్డ మేలు కోరి చేసినది. చూపబడిన వ్యక్తి మాట ఆయనకు తట్టలేదు. ఆయన చెప్పిన పేరులు రాక్షసులవి, పిశాచములవి. వీథిలో నడచు మనుష్యులవి కావు.

బెదరింపుకంటె ఘోరమైన ఉపాయమొకటి కలదు. దానిని చెప్పకున్న తల్లుల పట్ల అన్యాయము చేసినవార మగుదుము. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు పసిబిడ్డలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి పోవుచుండిరని 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబరు కమిషను గుర్తించినది. ఏడ్చు బిడ్డ నెత్తికొనుటకు తల్లికి సెలవు లేనిచోట ఏడ్పును ముందుగనే చంపవలసి వచ్చినది. 1948 ఫాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున శిశువుల గది యుండవలెనని విధించినది. 1976లో ఆ సంఖ్య ముప్పదికి తగ్గింపబడినది. ఏడ్పునకు శాసనము చెప్పిన సమాధానము గది; బూచి కాదు. దీనిని గూర్చి వేరుగ వ్రాయవలసియున్నది.

ప్రస్తుతమునకు వచ్చినచో, 'బూచి' బుస్సీ కంటె ప్రాచీనమైన దక్షిణదేశపు తొట్టెమాట యనియు, బుస్సీ పేరు దానితో కలియుట ధ్వనిసామ్యముచే పిదప జరిగిన ముడి యనియు మా నిర్ణయము. ఈ నిర్ణయము తుదిది కాదు. 1757నకు పూర్వపు తెలుగు గ్రంథమున గాని, తాళపత్రమున గాని ఈ పదము నిస్సందిగ్ధముగా చూపగలిగినచో వివాదము ముగియును. యక్షగానములు, శతకములు, అన్నమాచార్య వంశీయుల పదములు ఈ దృష్టితో చదువవలసియున్నవి. పరిశోధకవిద్యార్థులలో ఎవరేని దీనికి పూనుకొన్నచో, పదముతో పాటు దాని క్రియను కూడ వ్రాసికొనవలెనని కోరుచున్నాము: ఆ యూరి తల్లులు 'వస్తాడు' అందురా, 'వస్తుంది' అందురా? ఆ మాట పలుకునపుడు ఎవరి వైపు చూపుదురో అదియు వ్రాసికొన్నచో మరియు మేలు. బొబ్బిలి జంక్షనులో దొరకిన మొదటి యుదాహరణమును మేమిప్పటికే నమోదు చేసితిమి: క్రియ 'ఎత్తుకుపోతాది', చూపబడినవాడు ఈ వ్యాసకర్త.